ఎంచుకున్నది ఒక్క పనే అయినా మూడు పనులూ ఎందుకు మొదలవుతున్నాయి? జావాస్క్రిప్ట్ అసింక్ కోడ్‌లో షరతుల గురించి సందేహం

ప్రశ్న: మైపాడు దారి నుంచి

అందరికీ నమస్కారం.

మా మేనమామ ఇందుకూరుపేట మండలంలో నాలుగు గుంటల్లో వనామీ రొయ్యలు పెంచుతున్నారు. నేను నెల్లూరులో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజుల్లో ఆ గుంటల కోసం నోడ్‌లో, అంటే బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌లో, ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాను. నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను, అంటే రైతులు డీవో అనేదాన్ని, పది నిమిషాలకొకసారి సెన్సరు నుంచి చదవాలి. అది 5 పీపీఎం, అంతకు పైన ఉంటే రీడింగ్‌ను డేటాబేస్‌లో దాచాలి. 4కూ 5కూ మధ్య ఉంటే నీటిని చిలికి గాలి కలిపే అదనపు ఏరియేటర్‌ను నడపాలి. 4 కన్నా తగ్గితే ఏరియేటర్లన్నీ నడిపి, మామయ్య ఫోన్‌కు మెసేజ్ పంపాలి. పగలు ఆక్సిజన్‌ను తయారుచేసే ప్లాంక్టనే రాత్రి దాన్ని వాడుకుంటుంది కనుక తెల్లవారుజామున డీవో బాగా పడిపోతుంది. ఆ వేళకు ఎవరో ఒకరు గట్టు మీద మేలుకొని ఉండక తప్పని పరిస్థితిని కొంతైనా మార్చాలన్నది నా ఉద్దేశం.

ఇఫ్, ఎల్స్ వరసలు పెరిగిపోతున్నాయని నేను ఒక పట్టిక లాంటి ఆబ్జెక్ట్ తయారుచేసుకున్నాను. ఇక్కడ చదవడానికి వీలుగా ఫంక్షన్ల పేర్లను తెలుగులో రాస్తున్నాను. ఆ ఆబ్జెక్ట్‌లో 'సాధారణం' అనే కీకి రీడింగ్_దాచు(), 'తక్కువ' అనే కీకి ఏరియేటర్_నడుపు(), 'ప్రమాదం' అనే కీకి మెసేజ్_పంపు() విలువలుగా ఇచ్చాను. ఈ మూడూ అసింక్ ఫంక్షన్లే, అంటే ఫలితాన్ని వెంటనే కాక తరువాత ఇచ్చేవి. ఆ తరువాత డీవోను బట్టి స్థితి ఏమిటో లెక్కగట్టి, పట్టికలో ఆ స్థితికి ఎదురుగా ఉన్న దాన్ని మాత్రమే అవెయిట్ చేశాను, అంటే దాని ఫలితం వచ్చేదాకా ఆగమని రాశాను. అవెయిట్ చేసినది ఒక్కదాన్నే కనుక ఒక్క పనే జరుగుతుందని అనుకున్నాను.

ఒక గుంటకు బిగించి వచ్చిన మొదటి రాత్రి, సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఆరు దాకా పన్నెండు గంటల్లో మామయ్య ఫోన్‌కు 72 మెసేజ్‌లు వెళ్ళాయి. డీవో ఆ రాత్రి ఒక్కసారి కూడా 4 కన్నా తగ్గలేదు. అదనపు ఏరియేటర్ కూడా రాత్రంతా తిరుగుతూనే ఉంది. ఆయన పాపం ప్రతి మెసేజ్‌కూ టార్చిలైటు వేసుకొని గట్టు మీదకు వెళ్ళి, రొయ్యలు పైకి తేలుతున్నాయేమో చూసి వచ్చారట. నా బల్ల మీద పరీక్షించినప్పుడు మోటారును ఆన్, ఆఫ్ చేసే రిలేకు మోటారు తగిలించలేదు, మెసేజ్ భాగం పరీక్ష పద్ధతిలో ఉంది, అందువల్ల ఇది నా కంట పడలేదు.

మరో రెండు విషయాలు కూడా అంతుపట్టడం లేదు. మరునాటి రాత్రి స్థితి 'సాధారణం'గా ఉండగానే ప్రోగ్రామ్ రెండుసార్లు దానంతటదే ఆగిపోయింది. అదే రాత్రి కరెంటు పోతే జనరేటర్ స్టార్ట్ కాలేదు. కరెంటు_ఉందా() అనే అసింక్ ఫంక్షన్‌ను ఇఫ్‌లో పెట్టి, దాని ముందు 'కాదు' గుర్తు ఉంచి, లోపల జనరేటర్‌ను స్టార్ట్ చేసే వరస రాశాను. మామయ్యే లేచి చేత్తో స్టార్ట్ చేశారు. షరతులు రాయడంలో నా అవగాహనలోనే ఏదో లోపం ఉన్నట్టుంది. దయచేసి వివరించగలరు.


జవాబు 1: ఒంగోలు నుంచి

మీరు చెప్పిన మూడు లక్షణాలకూ మూలం ఒక్కటే కనుక ముందు దాన్ని నిదానంగా చెబుతాను. అసింక్ ఫంక్షన్‌ను పిలవడం వేరు, దాని ఫలితం కోసం వేచి ఉండటం వేరు. జావాస్క్రిప్ట్‌లో పనిని మొదలుపెట్టేది పిలుపే. అవెయిట్ పనిని మొదలుపెట్టదు, అప్పటికే మొదలైన పని ముగిసేదాకా ఆగుతుంది, అంతే. మనిషిని పనికి రమ్మని పిలవడానికీ, అతను పని ముగించేదాకా గట్టు మీద కూర్చోవడానికీ ఎంత తేడా ఉందో ఈ రెంటికీ అంత తేడా ఉంది. మీరు షరతును నిరీక్షణ ముందు పెట్టారు. అది పిలుపు ముందు ఉండాలి.

మీ పట్టికను గమనించండి. ఆబ్జెక్ట్‌ను రాసినప్పుడు జావాస్క్రిప్ట్ ప్రతి కీకి ఎదురుగా ఉన్న వ్యక్తీకరణను పైనుంచి కిందకు వరసగా లెక్కగట్టి, వచ్చిన విలువను అందులో ఉంచుతుంది. ఫంక్షన్ పేరు తరువాత మీరు బ్రాకెట్లు వేశారు కనుక అది పిలుపు అవుతుంది. అంటే స్థితి ఏమిటో మీరు లెక్కగట్టక ముందే మూడు ఫంక్షన్లూ నడవడం మొదలుపెట్టాయి, పట్టికలోకి చేరినవి మూడు ప్రామిస్‌లు, అంటే తరువాత రాబోయే ఫలితాలకు గుర్తుగా ఉండే ఆబ్జెక్ట్‌లు. పైగా అసింక్ ఫంక్షన్ తన లోపల మొదటి అవెయిట్ వచ్చేదాకా మామూలు ఫంక్షన్ లాగానే ఆగకుండా నడుస్తుంది. మీ ఏరియేటర్_నడుపు() మొదటి వరసలోనే రిలేకు ఆదేశం పంపుతూ ఉంటే, పట్టిక పూర్తి కాకముందే మోటారు తిరగడం మొదలై ఉంటుంది. మీరు మూడు ఫోన్ నంబర్లు రాసి పెట్టుకున్నానని అనుకున్నారు, నిజానికి ముగ్గురికీ ఫోన్ చేసేసి ఒక్కరి కోసం మాత్రం ఎదురుచూశారు.

సరిదిద్దడం సులువు. పట్టికలో పిలుపులను కాక ఫంక్షన్లను ఉంచండి. ఆర్గ్యుమెంట్లు ఏమీ అక్కర్లేకపోతే బ్రాకెట్లు తీసేసి పేరు మాత్రం రాస్తే చాలు. ఆర్గ్యుమెంట్లు ఉంటే ఖాళీ బ్రాకెట్లు, బాణం గుర్తు వేసి, ఆ వెనుక మీ పిలుపును రాయండి. అప్పుడు ఆ యారో ఫంక్షన్‌ను ఎవరైనా పిలిచేదాకా లోపలి పిలుపు జరగదు. ఆ తరువాత స్థితిని బట్టి ఒక ఫంక్షన్‌ను తీసుకొని, దాన్ని పిలిచి, ఆ పిలుపును అవెయిట్ చేయండి. మొత్తం మార్పు మూడు బాణాలు, ఒక జత బ్రాకెట్లు.

ఇలా లెక్కను ఒక చిన్న ఫంక్షన్‌లో చుట్టి వాయిదా వేయడం కొత్త ఉపాయమేమీ కాదు. అల్గాల్ 60 భాషలో ఆర్గ్యుమెంట్లను అవసరమైనప్పుడే లెక్కగట్టే పద్ధతి ఉండేది. దాన్ని అమలు చేయడానికి ఇంగర్‌మన్ 1961లో ప్రచురించిన చిన్న కోడ్ ముక్కలకే థంక్‌లని పేరు వచ్చింది. మీ యారో ఫంక్షన్ ఆ థంకే. 1976లో ఫ్రీడ్‌మన్, వైజ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, జాబితా కట్టే ఆపరేషన్ తన ఆర్గ్యుమెంట్లను వెంటనే లెక్కగట్టకూడదని వాదిస్తూ వ్యాసం రాశారు, ప్రామిస్ అన్న మాట కూడా ఆ ఇద్దరి దగ్గర నుంచే వచ్చింది. అందువల్ల ఇప్పటి జావాస్క్రిప్ట్ ప్రామిస్ పేరుకు ప్రామిసే అయినా, తయారైన క్షణంలోనే పని మొదలుపెట్టేస్తుందన్న సంగతి నన్ను మొదట్లో చాలా తికమక పెట్టింది.

ఇక ప్రోగ్రామ్ ఆగిపోవడం గురించి. మూడు ప్రామిస్‌లలో మీరు అవెయిట్ చేసింది ఒకదాన్నే. మిగిలిన రెండింటిలో ఏది విఫలమైనా ఆ వైఫల్యాన్ని అందుకునేవారు లేరు. తప్పులను పట్టుకునే ట్రై, క్యాచ్ మీరు రాసి ఉన్నా అది అవెయిట్ చేసిన దానికే వర్తిస్తుంది. 2020 అక్టోబరులో వచ్చిన నోడ్ 15 నుంచి, ఎవరూ అందుకోని వైఫల్యం ఉంటే ప్రాసెస్‌ను ఆపేయడమే డీఫాల్ట్ ప్రవర్తన అయింది. గుంట దగ్గర సిగ్నల్ సరిగా లేక మెసేజ్ వెళ్ళని ఆ రెండు సార్లే మీ ప్రోగ్రామ్ ఆగిపోయి ఉంటుంది. లాగ్ చూస్తే తెలిసిపోతుంది. పట్టికను సరిచేస్తే అనవసరమైన పిలుపులు పోతాయి కనుక ఈ లక్షణం చాలావరకు పోతుంది, కానీ అవసరమైన మెసేజ్ విఫలమైనప్పుడు ఏం చేయాలన్నది మీరు విడిగా రాసుకోవలసిందే.

జనరేటర్ సంగతి వీటన్నిటికన్నా ప్రమాదకరం. కరెంటు_ఉందా() అసింక్ ఫంక్షన్ కనుక అది మీకు వెంటనే ఇచ్చేది అవునూ కాదు, కాదూ కాదు. అది ఇచ్చేది ఒక ప్రామిస్. ప్రామిస్ ఒక ఆబ్జెక్ట్, జావాస్క్రిప్ట్‌లో ఆబ్జెక్ట్ ఏదైనా షరతులో నిజంగానే లెక్క. దాని ముందు 'కాదు' గుర్తు పెడితే ఎప్పుడూ అబద్ధమే వస్తుంది. కరెంటు ఉన్నా పోయినా మీ జనరేటర్ వరస దగ్గరకు ప్రోగ్రామ్ వెళ్ళే దారే లేదు. ఇఫ్ బ్రాకెట్ల లోపల, 'కాదు' గుర్తు తరువాత అవెయిట్ చేర్చండి. ఇటువంటి తప్పులు తగ్గాలంటే, జావాస్క్రిప్ట్‌కు విలువల రకాల తనిఖీని చేర్చే టైప్‌స్క్రిప్ట్‌కు మారడం మంచిదని నా గట్టి నమ్మకం. ఖాళీ విలువల విషయంలో కఠినంగా ఉండే సెట్టింగ్ పెట్టుకుంటే, 2021లో వచ్చిన 4.3 వెర్షన్ నుంచి, ప్రామిస్‌ను నేరుగా షరతుగా వాడిన చోట కంపైలరే తప్పు చూపిస్తుంది. అవెయిట్ చేయకుండా వదిలేసిన ప్రామిస్‌లను పట్టుకోవడానికి, కోడ్‌లో తప్పులు వెతికే టైప్‌స్క్రిప్ట్ ఈఎస్‌లింట్‌లో 'నో ఫ్లోటింగ్ ప్రామిసెస్' అనే నియమం ఉంది.

ఇదే తప్పు వేరే వేషంలో కూడా వస్తుంది. నాలుగు గుంటల జాబితా మీద ఫిల్టర్ వాడి, లోపల అసింక్ ఫంక్షన్ ఇచ్చి, ప్రమాదంలో ఉన్న గుంటలను ఏరమని అడిగితే నాలుగు గుంటలూ వస్తాయి. ఫిల్టర్ ఎవరి కోసమూ ఆగదు, దాని చేతికి అందిన నాలుగు ప్రామిస్‌లూ నిజాలే. ముందు అన్ని రీడింగ్‌లనూ అవెయిట్ చేసి, చేతికి వచ్చిన అంకెల మీద ఫిల్టర్ నడపాలి.


జవాబు 2: కావలి నుంచి

పై జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే అందులోని మొదటి సూత్రం జావాస్క్రిప్ట్‌కు సంబంధించినదేనని అందరూ గుర్తుపెట్టుకోవాలి. నేను రోజూ పైథాన్‌లో పనిచేస్తాను, అక్కడ పరిస్థితి దాదాపు తలకిందులుగా ఉంటుంది.

పైథాన్‌లో అసింక్ ఫంక్షన్‌ను పిలిస్తే లోపలి కోడ్‌లో ఒక్క వరస కూడా నడవదు. ఒక కొరొటీన్ ఆబ్జెక్ట్ మాత్రం చేతికి వస్తుంది. దాన్ని అవెయిట్ చేసినప్పుడు గానీ, క్రియేట్ టాస్క్‌కు అప్పగించినప్పుడు గానీ పని మొదలవుతుంది. కనుక మీ పట్టికనే మక్కీకి మక్కీ పైథాన్‌లో రాస్తే మెసేజ్‌లు వెళ్ళవు, ఏరియేటర్ తిరగదు. అవెయిట్ చేసిన ఒక్క పనే జరుగుతుంది, మిగిలిన రెండు కొరొటీన్‌లను ఎప్పుడూ అవెయిట్ చేయలేదని హెచ్చరిక వస్తుంది. ఆ హెచ్చరికను పట్టించుకోకుండా అలవాటు పడిపోవడం మంచిది కాదు, ఎందుకంటే నిజంగా జరగవలసిన పనిని అవెయిట్ చేయడం మరిచిపోయినప్పుడు వచ్చేది కూడా అదే హెచ్చరిక. జావాస్క్రిప్ట్‌లో జరగకూడనిది జరుగుతుంది, పైథాన్‌లో జరగవలసినది జరగదు. గుంట గట్టున ఉన్న రైతుకు రెండోదే ఎక్కువ నష్టం.

ఇంకో తేడా కూడా చెప్పాలి. ఒకే ప్రామిస్‌ను ఎన్నిసార్లు అవెయిట్ చేసినా జావాస్క్రిప్ట్ అదే ఫలితాన్ని ఇస్తుంది. పైథాన్ కొరొటీన్‌ను రెండోసారి అవెయిట్ చేస్తే రన్‌టైమ్ ఎర్రర్ వస్తుంది. అందువల్ల పైథాన్‌లో కూడా పట్టికలో ఫంక్షన్లనే ఉంచి ఎంచుకున్నాక పిలవడం సరైన పద్ధతి. షరతులో కొరొటీన్‌ను నేరుగా వాడితే అది నిజంగానే లెక్క కనుక, జనరేటర్ కథ మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే.

రస్ట్ భాషలో కూడా, ప్రామిస్‌ల లాంటి ఫ్యూచర్‌లు అవెయిట్ చేసేదాకా, లేదా వాటిని నడిపే ఎగ్జిక్యూటర్‌కు అప్పగించేదాకా కదలవు. 2019 నవంబరులో అసింక్, అవెయిట్ స్థిరమైన రస్ట్‌లోకి వచ్చినప్పటి నుంచీ అంతే. సీ షార్ప్ అసింక్ మెథడ్లు మాత్రం జావాస్క్రిప్ట్ దారిలోనే పిలవగానే మొదలవుతాయి. కొత్త భాషలోకి వెళ్ళిన ప్రతిసారీ, లోపల ఒక లాగ్ వరస పెట్టిన అసింక్ ఫంక్షన్‌ను అవెయిట్ లేకుండా పిలిచి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.


మైపాడు దారి నుంచి మళ్ళీ

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. పట్టికను మార్చాను, ఇఫ్ లోపల అవెయిట్ చేర్చాను. నిన్న రాత్రి ఒక్క మెసేజ్ కూడా అనవసరంగా వెళ్ళలేదు. మీరు అనుకున్నట్టే, లాగ్‌లో ఆ రెండు సార్లూ మెసేజ్ పంపడం విఫలమైన గుర్తులే ఉన్నాయి.

ఇప్పుడు నాలుగు గుంటలకూ విస్తరిస్తున్నాను. ఒక్కో సెన్సరు జవాబు ఇవ్వడానికి సుమారు 2 సెకన్లు పడుతోంది. లూప్‌లో ఒకదాని తరువాత ఒకటి అవెయిట్ చేస్తే 8 సెకన్లు అవుతోంది కనుక, నాలుగు పిలుపులనూ ముందే చేసి ప్రామిస్ ఆల్‌తో ఒకేసారి వేచి చూశాను. అప్పుడు కొన్ని రీడింగ్‌లు రావడం లేదు, కొన్నిటికి సీఆర్‌సీ తప్పు, అంటే సందేశం దారిలో చెడిపోయిందని, వస్తోంది. నాలుగు సెన్సర్లూ ఒకే ఆర్‌ఎస్ 485 తీగ మీద, పరికరాలు మాట్లాడుకునే మోడ్‌బస్ పద్ధతిలో ఉన్నాయి.

రెండోది, జనరేటర్ 20 సెకన్లలో కరెంటు ఇవ్వకపోతే మళ్ళీ స్టార్ట్ చేయాలి. స్టార్ట్ చేసే ప్రామిస్‌కూ 20 సెకన్ల టైమర్‌కూ మధ్య ప్రామిస్ రేస్ పెట్టి, టైమర్ గెలిస్తే రెండోసారి స్టార్ట్ చేయమని రాశాను. పగలు పరీక్షించినప్పుడు జనరేటర్ తిరుగుతూ ఉండగానే సెల్ఫ్ మోటారు మళ్ళీ పడి గరగరమని శబ్దం వచ్చింది. వెంటనే ఆపేశాం. ఎందుకు ఇలా జరిగింది?


జవాబు 3: చీమకుర్తి నుంచి

నేను గ్రానైట్ కోత యంత్రాలకు ఆటోమేషన్ పని చేస్తాను, మీరు చెప్పిన రెండు ఇబ్బందులూ నాకు బాగా పరిచయమైనవే.

రెండో దానితో మొదలుపెడతాను, అది యంత్రాన్ని పాడుచేసేది కనుక. ప్రామిస్ రేస్‌లో ఓడినది ఆగిపోదు. రేస్ చేసేదల్లా ఎవరు ముందు ముగిస్తే వారి ఫలితాన్ని మీకు ఇవ్వడమే. ఓడిన పని తన దారిన తాను నడుస్తూనే ఉంటుంది. మీ జనరేటర్ 20 సెకన్లకు బదులు 22వ సెకనులో కరెంటు ఇచ్చిందనుకోండి. టైమర్ గెలిచింది, మీ కోడ్ రెండో స్టార్ట్ ఆదేశాన్ని పంపింది, ఆ ఆదేశం అమలయ్యేలోపే మొదటి ప్రయత్నం కూడా ఫలించింది. తిరుగుతున్న ఇంజిన్ మీద సెల్ఫ్ పడింది. షరతు చూసిన క్షణానికీ పని చేసిన క్షణానికీ మధ్య లోకం మారిపోయింది.

అందువల్ల ఏ షరతునైనా, దానికీ దాని మీద ఆధారపడిన పనికీ మధ్య అవెయిట్ ఉంటే, పాతదిగా భావించండి. రెండో స్టార్ట్‌కు ముందు జనరేటర్ వోల్టేజిని ఆ క్షణంలో మళ్ళీ చదవండి. ఉంటే స్టార్ట్ చేయకండి. దానితోపాటు మొదటి ప్రయత్నాన్ని నిజంగా విరమింపజేసే మార్గం కూడా ఉండాలి. అబార్ట్ కంట్రోలర్ ఒకటి చేసి, దాని సిగ్నల్‌ను స్టార్ట్ ఫంక్షన్‌కు ఇచ్చి, ఆ ఫంక్షన్ లోపల ప్రతి అవెయిట్ తరువాతా సిగ్నల్ పడిందో లేదో చూసుకొని, పడి ఉంటే తరువాతి అడుగు వేయకుండా బయటకు వచ్చేలా రాయండి. సిగ్నల్ ఇచ్చినంత మాత్రాన ఏదీ దానంతటదే ఆగదు, చూసుకోవలసిన బాధ్యత మీ ఫంక్షన్‌దే. ఏదేమైనా ఇంజిన్ తిరుగుతుండగా సెల్ఫ్ పడకుండా అడ్డుకునే రిలే ఒకటి ప్యానెల్‌లోనే పెట్టించండి. అటువంటి రక్షణను సాఫ్ట్‌వేర్‌కు మాత్రమే వదలకూడదని నా అభిప్రాయం.

ఇక సెన్సర్లు. తప్పనిసరిగా కావలసిన, ఒకదానితో ఒకటి సంబంధం లేని పనులను ముందే మొదలుపెట్టి తరువాత అన్నిటికోసం కలిపి వేచి ఉండాలన్న మీ ఆలోచన సరైనదే. అన్నిటినీ లేజీగా, అంటే అవసరమైన క్షణంలోనే, చేయాలన్న నియమం ఎక్కడా లేదు. కావాలో వద్దో ఇంకా తెలియని పనిని వాయిదా వేయాలి, కచ్చితంగా కావలసిన పనిని ముందే మొదలుపెట్టాలి. నాలుగు సెన్సర్లూ నాలుగు వేర్వేరు వైఫై పరికరాలైతే మీ కోడ్ 2 సెకన్లలో చక్కగా ముగిసేది. కానీ మీకున్నది ఒకే తీగ. మోడ్‌బస్‌ను మోడికాన్ సంస్థ 1979లో తెచ్చినప్పటి నుంచీ, సీరియల్ తీగ మీద దాని పద్ధతి ఒకటే. ఒక మాస్టర్ ఒకరిని అడుగుతాడు, ఆ ఒకరు జవాబు చెప్పాక మరొకరిని అడుగుతాడు. రెండు తీగల ఆర్‌ఎస్ 485 మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడగలరు. మీరు నాలుగు ప్రశ్నలు ఒకేసారి వదిలితే ఒకరి జవాబు మీద మరొకరి ప్రశ్న పడుతుంది, అందుకే సీఆర్‌సీ తప్పులు వస్తున్నాయి.

ఇక్కడ కావలసింది క్యూ. 'చివరి_పని' అనే ఒక వేరియబుల్‌లో చివరగా క్యూలో చేరిన ప్రామిస్‌ను ఉంచండి. కొత్తగా చదవవలసిన పని వచ్చినప్పుడు దాన్ని పిలవకుండా, ఫంక్షన్‌గానే తీసుకొని, చివరి_పని ముగిశాక దెన్‌లో పిలిచేలా కలపండి, వచ్చిన కొత్త ప్రామిస్‌ను చివరి_పనిగా మార్చండి. చూశారా, మళ్ళీ అదే సూత్రం పని చేస్తోంది. క్యూకు పిలుపును ఇస్తే అది క్యూలోకి రాకముందే మొదలైపోతుంది, ఫంక్షన్‌ను ఇస్తేనే తన వంతు కోసం ఆగుతుంది. ఒక సెన్సరు విఫలమైతే వెనుక వారు కూడా ఆగిపోకుండా చివరి_పనిలో దాచే ప్రామిస్‌కు మాత్రం ఒక క్యాచ్ తగిలించండి, అడిగినవారికి తిరిగి ఇచ్చే ప్రామిస్‌లో వైఫల్యాన్ని అలాగే ఉంచండి. 8 సెకన్లు 8 సెకన్లే అవుతుంది, పది నిమిషాలకొకసారి చదివే పనికి అది సమస్య కాదు.

చిన్న మాట ఒకటి. ఏరియేటర్‌ను 5 దగ్గరే ఆన్ చేసి 5 దగ్గరే ఆఫ్ చేస్తే, డీవో ఆ అంకె చుట్టూ ఊగినప్పుడల్లా మోటారు ఆగుతూ తిరుగుతూ ఉంటుంది. ఆన్ చేసే అంకె కన్నా ఆఫ్ చేసే అంకెను కొంచెం పైన పెట్టండి.


మైపాడు దారి నుంచి మళ్ళీ

అన్నా, మీరు చెప్పినట్టే క్యూ పెట్టాను. నాలుగు గుంటల రీడింగ్‌లూ తప్పులు లేకుండా వస్తున్నాయి. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ప్యానెల్‌లో రిలే కూడా పెట్టించాం. ఆఫ్ చేసే అంకెను 5.5కు మార్చాను. మొన్న రాత్రి 3 గంటల 10 నిమిషాలకు మూడో గుంటలో డీవో 3.8కి పడిపోయింది. ఏరియేటర్లు నడిచాయి, మామయ్యకు ఒకే ఒక్క మెసేజ్ వెళ్ళింది, ఆయన వెళ్ళేసరికి రొయ్యలు ఇంకా పైకి రాలేదు.

చివరిగా ఒక్క సందేహం. మెసేజ్ పంపే ముందు లాగిన్ అయి, దానికి రుజువుగా సర్వర్ ఇచ్చే టోకెన్ తెచ్చుకోవాలి. ప్రోగ్రామ్ మొదలుకాగానే కాక, మొదటిసారి అవసరమైనప్పుడే లాగిన్ అవ్వాలని, టోకెన్ ఖాళీగా ఉంటే లాగిన్ అవెయిట్ చేసి దాచుకునేలా రాశాను. పరీక్షలో రెండు గుంటలకు ఒకేసారి మెసేజ్ వెళ్ళవలసి వచ్చినప్పుడు రెండు లాగిన్‌లు జరుగుతున్నాయి. రెండోది జరగగానే మొదటి టోకెన్ చెల్లకుండా పోతోంది.


జవాబు 1 రాసినవారు, ఒంగోలు నుంచి

రెండు గుంటలకూ అసలైన మెసేజ్‌లు ఒకేసారి వెళ్ళవలసి వచ్చిన రాత్రి ఇది బయటపడకపోవడం మీ అదృష్టం. టోకెన్ ఖాళీగా ఉందా అన్న ప్రశ్నను మొదటి మెసేజ్ అడిగింది, ఖాళీగా ఉంది కనుక లాగిన్‌కు వెళ్ళి అవెయిట్ దగ్గర ఆగింది. ఆ ఆగిన సమయంలో రెండో మెసేజ్ అదే ప్రశ్న అడిగింది. టోకెన్ ఇంకా రాలేదు కనుక దానికీ ఖాళీగానే కనిపించింది.

టోకెన్‌ను కాక, టోకెన్ ప్రామిస్‌ను దాచండి. దాచిన ప్రామిస్ లేకపోతే లాగిన్‌ను పిలిచి, అవెయిట్ చేయకుండానే ఆ ప్రామిస్‌ను వెంటనే వేరియబుల్‌లో పెట్టి, ఆ తరువాత దాన్ని అవెయిట్ చేయండి. చూడటానికీ దాచడానికీ మధ్య అవెయిట్ లేదు కనుక మరెవరూ నడుమ దూరలేరు. రెండో మెసేజ్ వచ్చేసరికి ప్రామిస్ ఉంటుంది, అదీ దానికోసమే వేచి చూస్తుంది. ఒకే ప్రామిస్‌ను ఎందరైనా అవెయిట్ చేయవచ్చన్న విషయం కావలి మిత్రులు ముందే చెప్పారు.

దీనితో వచ్చే చిక్కు ఒకటుంది. ఆ లాగిన్ విఫలమైతే, విఫలమైన ప్రామిస్ కూడా అలాగే దాగి ఉండిపోతుంది. సిగ్నల్ తిరిగి వచ్చిన తరువాత కూడా ప్రతి మెసేజ్‌కూ ఆ పాత వైఫల్యమే ఎదురవుతుంది, కొత్త లాగిన్‌కు ప్రయత్నమే జరగదు. కాబట్టి లాగిన్ ప్రామిస్‌కు తగిలించిన క్యాచ్‌లో వేరియబుల్‌ను ఖాళీ చేసి, అదే తప్పును తిరిగి విసరండి. ఖాళీ చేసే ముందు, వేరియబుల్‌లో ఉన్నది ఈ విఫలమైన ప్రామిసేనా, లేక ఈలోపు మరొకరు పెట్టిన కొత్తదా అని పోల్చి చూడండి. టోకెన్ గడువు ముగిసిందని సర్వర్ చెప్పినప్పుడు కూడా ఇలాగే పోల్చి ఖాళీ చేసి, ఆ మెసేజ్‌ను ఒక్కసారి మాత్రం మళ్ళీ పంపండి.